పార్కిన్సన్స్ మందు "దాచుకుంటున్న" నాన్న. లెవోడోపా అయిదేళ్ళే పనిచేస్తుందన్న మాట నిజమేనా?

సీతాకోక_88
మా నాన్నకి పార్కిన్సన్స్ అని తేలి 4 ఏళ్ళు. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర రోజుకి మూడు పూటలా వాడాలి. నెలన్నరగా మధ్యాహ్నం దాటితే మనిషి బాగా నెమ్మదించిపోతున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికే 20 నిమిషాలు. జబ్బు ముదురుతోందనుకున్నాం. పోయినవారం డాక్టరు గారు డోసు పెంచారు. అయినా తేడా కనబడలేదు.

నిన్న ఏదో వెతుకుతూ ఆయన కళ్ళజోడు పెట్టె తెరిచాను. అద్దాలు తుడుచుకునే గుడ్డ కింద మాత్రలు. లెక్కపెడితే 41. మధ్యాహ్నం మాత్ర అరచేతిలోనే ఉంచుకుని ఉత్త నీళ్ళు తాగేస్తున్నాడన్నమాట, నేను ఎదురుగా నిలబడి చూస్తుండగానే.

అడిగితే కోప్పడలేదు, దాచలేదు. "ఈ మందు అయిదేళ్ళే పనిచేస్తుందంటమ్మా. ఇప్పుడే వాడేసుకుంటే రేపు మంచాన పడ్డాక ఏం మిగులుతుంది?" అన్నాడు. డాక్టరు గది బయట కూర్చున్నప్పుడు ఎవరో చెప్పారట. పైగా ఫోన్లో రోజుకో వీడియో, పార్కిన్సన్స్‌కి శాశ్వత చికిత్స వచ్చేసిందని. అది చేతికందేదాకా ఇలా నెట్టుకొద్దామని ఆయన లెక్క.

అయిదేళ్ళ మాట నిజమేనా? కొత్త చికిత్సల పరిశోధన అసలు ఎక్కడిదాకా వచ్చింది? ఆయనకి ఏం చెప్పను?

కాపరి
మిగతావన్నీ తర్వాత. ముందు ఈ రోజే డాక్టరుకి ఫోన్ చేసి 41 మాత్రల సంగతి చెప్పండి. మూడు పూటలా వేసుకుంటున్నాడనుకునే ఆయన డోసు పెంచారు. ఇప్పుడు నాన్నగారు ఒప్పుకుని అన్నీ సరిగ్గా వేసుకుంటే ఒక్కసారిగా ఎక్కువైపోతుంది. బీపీ పడిపోవడం, లేనివి కనబడటం, ఒళ్ళు మెలికలు తిరగడం, ఏదైనా రావచ్చు.

సీతాకోక_88
అయ్యో, ఆ వైపు ఆలోచించనే లేదు కాపరి గారూ. ఇప్పుడే చేస్తాను.

తూర్పుగాలి
నాకు పార్కిన్సన్స్ వచ్చి 11 ఏళ్ళు. మీ నాన్నగారు చేసిన పని నేనూ చేశాను, ఇంకో రకంగా. మందు రాసిచ్చాక 2 ఏళ్ళు మొదలే పెట్టలేదు. నాకూ అదే మాట చెప్పారు, అదే భయం.

ఆ రెండేళ్ళలో నా సంతకం చీమ తలకాయంత అయిపోయింది. పేరు మొదలుపెట్టిన అక్షరం బానే ఉండేది, చివరికొచ్చేసరికి గీత. పక్కమీద ఒత్తిగిలాలంటే మా ఆవిణ్ణి లేపాలి. నలుగురిలోకి వెళ్ళడం మానేశాను. మందు మొదలుపెట్టిన నెలకి చెప్పుల పట్టీ నేనే పెట్టుకున్నాను. ఆ పూట గదిలో కూర్చుని ఏడ్చాను. నడక తిరిగొచ్చినందుకు కాదు, రెండేళ్ళు పోగొట్టుకున్నందుకు. నాన్నగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

పాతచెట్టు
అందరూ మందు వైపే మాట్లాడితే ఎలా? అయిదేళ్ళ మాట గాల్లోంచి పుట్టలేదు. మా అన్నయ్యకి మొదటి నాలుగేళ్ళు మంత్రం వేసినట్టు పనిచేసింది. ఆ తర్వాత మాత్ర వేసుకున్న రెండు గంటలకే దిగిపోవడం, దిగకపోతే తల, భుజాలు ఆగకుండా ఊగిపోవడం. లెవోడోపా పోస్తే నాడీకణాలు చచ్చిపోయాయని ల్యాబు ప్రయోగాలే చెప్పాయి. వీలైనంత ఆలస్యంగా మొదలుపెట్టమని ఒకప్పుడు డాక్టర్లే అనేవారు. ఆయన భయాన్ని మరీ తీసిపారేయకండి.

నాడీకణం
నేను ఒక ల్యాబులో డోపమైన్ కణాల మీద పనిచేస్తాను. డోపమైన్ అంటే కదలికని నడిపే మెదడు రసాయనం, పార్కిన్సన్స్‌లో దాన్ని తయారుచేసే కణాలే చచ్చిపోతాయి. డాక్టర్ని కాను, కాబట్టి డోసుల జోలికి వెళ్ళను. పాతచెట్టు గారు చెప్పిన ల్యాబు ప్రయోగాలు నిజమే. కాకపోతే ఆ గాజు పళ్ళేల్లో పోసిన మోతాదు మెదడుకి చేరేదానికన్నా చాలా ఎక్కువ. మెదడులో నాడీకణాల్ని కాచుకుని ఉండే గ్లియా కణాలు చాలా ప్రయోగాల్లో లేవు. ఆ అనుమానాన్ని మనుషుల్లోనే తేల్చుకుందామని నెదర్లాండ్స్‌లో ఒక పరీక్ష చేశారు. పేరు లీప్, ఫలితాలు 2019లో వచ్చాయి. 445 మంది. సగంమందికి మొదటి రోజునుంచీ 80 వారాలు లెవోడోపా. మిగతా సగానికి 40 వారాలు ఉత్తుత్తి మాత్ర, ఆ తర్వాత 40 వారాలు లెవోడోపా. మందు విషమే అయితే ముందు మొదలుపెట్టినవాళ్ళు చివరికి ఎక్కువ పాడవ్వాలి. 80వ వారంలో రెండు గుంపులూ ఒకేలా ఉన్నాయి. అంటే ఆ కాలంలో మందు జబ్బుని పెంచనూ లేదు, ఆపనూ లేదు.

మరి మీ అన్నయ్యగారికి నాలుగేళ్ళ తర్వాత అలా ఎందుకైంది? 2014లో ఘనా, ఇటలీ రోగుల్ని పోల్చి చేసిన పని ఒకటుంది. ఘనాలో మందు దొరక్క సగటున 4.2 ఏళ్ళ తర్వాత మొదలుపెట్టారు, ఇటలీలో 2.4 ఏళ్ళకే. మందు దిగిపోవడం, ఒళ్ళు ఊగడం మాత్రం రెండు చోట్లా జబ్బు మొదలైన ఇంచుమించు అదే కాలానికి వచ్చాయి. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళు దాచుకున్నదేమీ లేదు. ఆ మధ్య కాలం మందు లేకుండా బాధపడ్డారంతే.

ఇది నీళ్ళతొట్టి లెక్క. మాత్ర నీళ్ళు, మిగిలివున్న డోపమైన్ కణాలు తొట్టి. మొదట్లో తొట్టి పెద్దది, పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రందాకా వస్తాయి. జబ్బు తొట్టిని ఏటేటా చిన్నది చేస్తూ పోతుంది. అప్పుడు పోసిన నీళ్ళు పోసినట్టే అయిపోతాయి, ఎక్కువ పోస్తే పొర్లిపోతాయి. పోయడం మానేసినంత మాత్రాన తొట్టి పెద్దదిగా మిగలదు.

ఒకేప్రశ్న
కొరత డోపమైన్‌ది అయితే డోపమైనే ఇవ్వొచ్చుగా?

నాడీకణం
రక్తానికీ మెదడుకీ మధ్య ఒక కంచె ఉంటుంది. డోపమైన్‌ని లోపలికి రానివ్వదు, లెవోడోపాని రానిస్తుంది. లోపలికెళ్ళాక అది డోపమైన్‌గా మారుతుంది. కార్బిడోపా పని ఏంటంటే, కంచెకి బయటే మారిపోకుండా ఆపడం. బయట మారితే వాంతులు, పైగా మెదడుకి చేరేది కొంచెమే.

దీని వెనక కథ బావుంటుంది. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకి, మెదడులో డోపమైన్‌ని ఖాళీ చేసే రిసర్పిన్ అనే మందిచ్చారు. అవి కదలకుండా పడిపోయాయి. తర్వాత లెవోడోపా ఎక్కిస్తే కాసేపట్లో లేచి తిరిగాయి. 1960లో వియన్నాలో ఓలే హార్నికేవిచ్, పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ళ మెదళ్ళలో డోపమైన్ బాగా తగ్గిపోయి ఉందని చూపించారు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ మోతాదుని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే నోటిమాత్ర నిలకడగా పనిచేస్తుందని తేల్చారు. కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ వచ్చింది.

పాతచెట్టు
ఘనా సంగతి నాకు తెలీదు. చదువుతాను. కానీ ఆ ఊగిపోవడంలో మందు పాత్ర అసలు లేదంటే నేను ఒప్పుకోను.

నాడీకణం
లేదని నేనూ అనలేదు. రోజువారీ మోతాదు ఎక్కువైతే ఆ ఊగుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే డాక్టర్లు అవసరమైనంతే ఇస్తారు. నేను కాదంటున్నది ఒక్కటే, వేసుకోకుండా ఉంటే రేపటికి మిగులుతుందన్న మాట.

కదలిక
ఫిజియోథెరపిస్టుని. సీతాకోక గారూ, మధ్యాహ్నం మాత్రకి ఇంకో చిక్కుంది. భోజనంలోని మాంసకృత్తులు అరిగి అమైనో ఆమ్లాలవుతాయి. లెవోడోపా కూడా ఆ జాతిదే. పేగు గోడ దగ్గరా, మెదడు కంచె దగ్గరా రెండూ ఒకే తలుపులోంచి దూరాలి. భోజనంతోపాటు వేసుకుంటే మాత్ర వరసలో వెనకపడుతుంది. చాలామందికి తినడానికి అరగంటో గంటో ముందు వేసుకోమంటారు. మీ నాన్నగారికి ఏ టైమో డాక్టర్నే అడగండి. అలాగని మాంసకృత్తులు మానిపించకండి, కండ కరిగిపోతుంది.

ఇంకోటి, కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు గుమ్మం దగ్గర ఆగిపోతున్నాడా?

సీతాకోక_88
అవును! సరిగ్గా గుమ్మం దగ్గరే. చెయ్యి పట్టుకుని లాగితే ఇంకా బిగుసుకుపోతాడు.

కదలిక
లాగకండి, పడిపోతాడు. గుమ్మానికి అటూ ఇటూ నేలమీద అడుగున్నర దూరంలో రంగు టేపు అడ్డంగా అంటించండి. "నడువు" అనకుండా "గీత దాటు" అనండి. అలవాటుగా నడిచే దారి మెదడులో దెబ్బతిన్నా, కంటితో చూసి వేసే అడుగుకి దారి వేరు, అది చాలామందిలో పనిచేస్తూనే ఉంటుంది. నడవలేక ఆగిపోయే మనిషి సైకిలు మాత్రం చక్కగా తొక్కేసిన సంగతి 2010లో నెదర్లాండ్స్ డాక్టర్లు వీడియోతో సహా ప్రచురించారు.

తూర్పుగాలి
టేపు మాట నిజం. మా మనవడు గీతలకి అంకెలు కూడా రాశాడు. నేను 7 దాటి గుమ్మం దాటితే వాడు ఈల వేస్తాడు. రైలు కదిలిందట.

వెన్నెలదారి
కొంచెం పక్కకి వెళ్తున్నా. వణికేవన్నీ పార్కిన్సన్స్ కాదు. నాకు గ్లాసు నోటిదాకా తీసుకెళ్తుంటే చేతులు వణికేవి. పార్కిన్సన్స్ అన్నారు, ఏడాదిన్నర లెవోడోపా వాడాను, చుక్కంత గుణం లేదు. రెండో డాక్టరు ఒక సుడి గియ్యమన్నారు. నా గీత పెద్దగా, వంకరటింకరగా వచ్చింది. పార్కిన్సన్స్‌లో ఎక్కువగా చెయ్యి ఊరికే ఒళ్ళో ఉన్నప్పుడు వణుకుతుందట, రాత చిన్నదైపోతుందట. నాది ఎసెన్షియల్ ట్రెమర్ అనే వేరే వణుకు జబ్బు. దానికి మందులు వేరు. తగ్గకపోతే కోత లేకుండా, పుర్రె బయటినుంచి అల్ట్రాసౌండ్ తరంగాల్ని ఒక్కచోట కేంద్రీకరించి మెదడులో చిన్న చుక్కని కాల్చే పద్ధతి ఉంది. అమెరికాలో దానికి 2016లో అనుమతి ఇచ్చారు. నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

కాపరి
వెన్నెలదారి గారి మాటకి తోడు, వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్ పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. అది డోపమైన్‌కే అడ్డం పడుతుంది. మా ఆయనకి ఒకచోట ఇచ్చేశారు, రెండ్రోజులు కొయ్యలా అయిపోయాడు. మానసిక జబ్బులకి వాడే హేలోపెరిడాల్ కూడా అంతే. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ఇవ్వకూడని మందుల పేర్లు రాసిన కాగితం ఆయన జేబులో ఉంటుంది.

ఒకేప్రశ్న
ఆ మందులతో జబ్బు లేనివాళ్ళకి కూడా వణుకు వస్తుందా?

కాపరి
వస్తుంది. తల తిరుగుడికి వాడే సినారిజిన్‌తో కూడా కొందరికి. ఎక్కువమందికి ఆపాక నెలల్లో తగ్గుతుంది. కొత్తగా వణుకు మొదలైతే అప్పటిదాకా వాడుతున్న మాత్రలన్నీ డాక్టరు ముందు పెట్టాలి.

మూడోతరం
మా తాతకి ఉండేది, మా అమ్మకి ఉంది. నాకు 34. అందుకే ఈ పరిశోధనల్ని వదలకుండా చదువుతాను. నాన్నగారు చూసే వీడియోలన్నీ అబద్ధాలని తోసెయ్యకండి. 2025లో క్యోటో విశ్వవిద్యాలయం వాళ్ళు మూలకణాలనుంచి (ఏ రకం కణంగానైనా మారగలిగేవి) డోపమైన్ కణాల్ని పెంచి 7 మంది మెదడులో పెట్టారని నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది. ఫలితం కొలిచిన 6 మందిలో 4 గురికి మందు లేని వేళ కూడా కదలిక మెరుగైంది. 2 ఏళ్ళు చూశారు, ప్రమాదకరమైన దుష్ఫలితాలేవీ రాలేదు. అదే రోజుల్లో అమెరికా, కెనడాల్లో 12 మందికి చేసింది కూడా వచ్చింది. ఇది చిన్న విషయమా?

నాడీకణం
చిన్న విషయం కాదు, ఆ పేపర్లు చదివిన రోజు మా ల్యాబులో పని ఆగిపోయింది. కానీ వాటిలో పోల్చి చూసే గుంపు లేదు. పార్కిన్సన్స్‌లో అది చాలా పెద్ద లోటు. 2001లో కెనడాలో ఒక పరిశోధన జరిగింది. రోగులకి మందు లేని ఇంజక్షన్ ఇచ్చి మెదడు స్కాన్ చేస్తే డోపమైన్ నిజంగానే విడుదలైంది. మంచి జరుగుతుందని ఎదురుచూడటమే డోపమైన్‌ని వదిలింది. ఆశ ఈ జబ్బులో కొలతల్నే మార్చేస్తుంది.

కణాల మార్పిడి కొత్తదీ కాదు. 1987లో స్వీడన్‌లోని లుండ్‌లో పిండకణాలతో మొదలుపెట్టారు. కొందరు అద్భుతంగా కోలుకున్నారు. తర్వాత అమెరికాలో 40 మందితో, సగంమందికి పుర్రెకి రంధ్రం మాత్రమే వేసి కణాలు పెట్టకుండా, సరైన పోలికతో పరీక్షించారు. 2001లో వచ్చిన ఫలితంలో అనుకున్న ప్రధాన లక్ష్యం అందలేదు. కణాలు పెట్టించుకున్నవాళ్ళలో 15 శాతానికి మందు మానేసినా ఆగని ఊగుడు వచ్చింది. 2008లో ఇంకో సంగతి బయటపడింది. పదేళ్ళకి పైబడ్డ మార్పిడి కణాల్లో కూడా పార్కిన్సన్స్ ముద్దలు, లూయీ బాడీలు కనబడ్డాయి. జబ్బు కొత్త కణాలకీ పాకిందన్నమాట.

మూడోతరం
ఇవన్నీ నాకూ తెలుసు. అయినా ఆశపడతాను. మీకు ల్యాబులో ఓపిక ఉంటుంది, నాకు అద్దంలో నా చెయ్యి కనిపిస్తుంది. రోజూ పొద్దున చేతులు చాపి చూసుకుంటాను.

నాడీకణం
నా మాట కటువుగా వినిపించి ఉంటే మన్నించండి. నేను చేసే పని కూడా ఆశ మీదే నడుస్తోంది.

రాత్రిదీపం
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. "మూలకణాల చికిత్స" అని డబ్బు తీసుకుని నడుముకి ఇంజక్షన్ చేసే చోటికి మేం మా నాన్నని తీసుకెళ్ళాం. ఏం కణాలో, ఎక్కడివో, ఒక్క కాగితం ఇవ్వలేదు. వారం బావున్నాడు. రెండో వారానికి మళ్ళీ మామూలే. నాడీకణం గారు చెప్పిన 2001 కెనడా పరిశోధన చదివాక ఆ మొదటి వారం ఏంటో నాకిప్పుడు అర్థమైంది. నిజమైన పరీక్షలో పాల్గొనడానికి సాధారణంగా మన దగ్గర డబ్బు అడగరు. ఈ ఒక్క ముక్క ఎవరైనా అప్పుడు చెప్పి ఉంటే బావుండేది.

ఇంకో మాట, ఇది చెప్పడానికి కష్టంగా ఉంది. నాన్నకి ప్రమిపెక్సోల్ (మెదడులో డోపమైన్‌లా నటించే మందు) వాడేటప్పుడు రాత్రుళ్ళు ఫోన్లో జూదం అలవాటైంది. జీవితంలో పేక ముట్టని మనిషి. మేం ఎన్ని మాటలన్నామో. ఏడాదికి గానీ అది మందు ప్రభావమని తెలియలేదు. డాక్టరు ఆ మందు తగ్గించాక ఆ కోరికే పోయిందన్నాడు.

తూర్పుగాలి
తమ్ముడూ, మంచి పని చేశావు చెప్పి. ఆ జాతి మందులతో జూదం, అదేపనిగా కొనడం, తిండి మీద యావ, ఇవన్నీ వస్తాయి. మాలో చాలామంది సిగ్గుతో నోరు విప్పరు. నాన్నగారితో ఒకసారి "మీ తప్పు కాదు" అని చెప్పు, చెప్పకపోయుంటే.

రాత్రిదీపం
చెప్పలేదు అన్నా. చెబుతాను.

ఒకేప్రశ్న
మరి నెలకో "మందు దొరికింది" వార్త వచ్చి మాయమైపోతుందేం?

నాడీకణం
ఒకటి చెబుతాను. ఎక్సెనటైడ్, షుగరు జబ్బు ఇంజక్షన్. 2017లో చిన్న పరీక్షలో పార్కిన్సన్స్‌కి మేలు చేస్తున్నట్టు కనబడింది. ప్రపంచమంతా వార్త. 194 మందితో 96 వారాలు పెద్ద పరీక్ష చేశారు, 2025లో ఫలితం వచ్చింది, ఏ మేలూ లేదు. మొదటి వార్త చూసినవాళ్ళలో రెండోది ఎంతమంది చూశారు? అంతకుముందు కోఎంజైమ్ క్యూ10, క్రియాటిన్ కూడా పెద్ద పరీక్షల దగ్గర నిలబడలేదు. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముద్దల్ని తుడిచేద్దామని చేసిన యాంటీబాడీల్లో రెండు 2022లో ప్రధాన లక్ష్యం అందుకోలేకపోయాయి.

అసలు చిక్కు ఏంటంటే, వణుకు కనబడేనాటికే మెదడులో నల్లపదార్థం అనే చోట ఉండే డోపమైన్ కణాల్లో చాలా భాగం పోయి ఉంటాయి. ఇల్లు సగం కాలాక నీళ్ళ బకెట్లు తెస్తున్నాం.

ఒకేప్రశ్న
ముందే పట్టుకునే దారి లేదా?

నాడీకణం
ఇప్పుడు నాకు ఎక్కువ ఆశ ఉన్నది అక్కడే. వాసన తెలియకపోవడం, ఏళ్ళ తరబడి మలబద్ధకం, కలలో తన్నడం, అరవడం, ఇవి వణుకుకి చాలా ఏళ్ళ ముందే రావచ్చు. జర్మనీలో హైకో బ్రాక్ 2003లో, చాలామందిలో జబ్బు మొదట వాసన నాడుల దగ్గరా మెదడు కాండం అడుగునా మొదలై మెల్లగా పైకి పాకుతుందని ప్రతిపాదించారు. 2023లో వెన్నునీటి పరీక్ష మీద పెద్ద పని వచ్చింది. నీటిలో చెడిపోయిన ఆల్ఫా సిన్యూక్లిన్ ఉంటే అది మంచి ప్రొటీన్‌ని కూడా తన దారికి లాక్కుంటుంది. పాలల్లో తోడు వేసినట్టు. అలా పెంచి చూస్తారు. 1,123 మందితో చేశారు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో దాదాపు 88 శాతాన్ని పట్టుకుంది.

ఇంకా విచిత్రం, స్కాట్లండ్‌లో జాయ్ మిల్న్ అనే నర్సు. భర్త ఒంటి వాసన మారిందని, ఆయనకి పార్కిన్సన్స్ తేలడానికి ఏళ్ళ ముందే గుర్తుపట్టారు. 12 మంది వేసుకున్న చొక్కాలు వాసన చూడమన్నారు. జబ్బున్న 6 గురినీ చెప్పేసి, లేనివాళ్ళలో ఒకరికి కూడా ఉందన్నారు. కొన్ని నెలలకి ఆ మనిషికీ పార్కిన్సన్స్ అని తేలింది. ఆవిడ ముక్కు పట్టుకున్నదేంటో చర్మపు జిడ్డులో మాంచెస్టర్‌లో వెతుకుతున్నారు.

మూడోతరం
కలలో తన్నడం అమ్మకి నా చిన్నప్పటినుంచీ ఉంది. నాన్న పక్క మధ్యలో దిండు గోడ కట్టేవాడు, మేం నవ్వుకునేవాళ్ళం.

పాతచెట్టు
దురదగొండి గింజల మాట ఎవరూ ఎత్తలేదు. వాటిలో సహజంగా ఉన్నది ఇదే లెవోడోపా కదా?

నాడీకణం
అదే పదార్థం. 2017లో 18 మందితో బొలీవియాలో చేసిన పరీక్షలో మాత్రలాగే పనిచేసింది కూడా. మందు కొనలేని దేశాలకి అది ముఖ్యమైన విషయం. కానీ మాత్రలో ఎంత ఉందో మనకి తెలుసు, గింజగింజకీ ఎంత ఉందో తెలీదు. మాత్ర వాడుతూ పైన ఇది కలిపితే రెండు మోతాదులైపోతాయి. విషం అన్నదీ ఇదే, సహజం అన్నదీ ఇదే, పాతచెట్టు గారూ.

పాతచెట్టు
సరే, ఆ మాట తీసుకున్నాను.

సీతాకోక_88
డాక్టరు గారితో మాట్లాడాను. పెంచిన డోసు ముందు వెనక్కి తగ్గించారు. పాత మోతాదే మూడు పూటలా సరిగ్గా పది రోజులు వేయించి, గంటగంటకీ ఎలా ఉన్నాడో రాసి తెమ్మన్నారు. "పెంచాల్సింది మందు కాదేమో, చూద్దాం" అన్నారు. నాన్నని ఒక్క మాట అనలేదు.

డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) అనే మెదడు ఆపరేషన్ పేరు కూడా ఎత్తారు, ఇప్పుడే కాదు, ముందు ముందు కావాలంటే అని. కాపరి గారూ, మీ ఆయనకి అయిందని వేరే చోట రాశారు కదా?

కాపరి
అవును, 3 ఏళ్ళయింది. మెదడులో సన్నటి తీగ, ఛాతీ మీద చర్మం కింద బ్యాటరీ. కరెంటు నిమిషానికి వేలసార్లు టిక్కుటిక్కుమంటూ వెళ్తుంది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబ్ల్‌లో అలీం లూయీ బెనబీడ్ మొదలుపెట్టిన పద్ధతి. అంతకుముందు అక్కడి కణాల్ని కాల్చేసేవారు. ఎక్కడ కాల్చాలో వెతకడానికి కరెంటు పెట్టి చూస్తుంటే, వేగం పెంచగానే వణుకు ఆగిపోయిందట.

మా ఆయన మెలకువగానే ఉన్నాడు. చెయ్యి చాపమన్నారు, వేళ్ళు తెరిచి మూయమన్నారు. తీగ సరైన చోటికి చేరగానే తొమ్మిదేళ్ళుగా వణికిన చెయ్యి నీళ్ళలో దించినట్టు నిశ్చలమైపోయిందట. మాత్రలు సగానికి తగ్గాయి.

కానీ మొత్తం చెప్పాలి. మాట పీలగా అయిపోయింది, ఫోన్లో వినబడదు. ఇది జబ్బుని ఆపదు. మామూలుగా మందుకి తగ్గే లక్షణాలే దీనికీ తగ్గుతాయి. మందుకి లొంగని మతిమరుపు, పడిపోవడం లాంటివి దీనికీ లొంగవు. మందు ఎంత పనిచేస్తుందో చూసే, ఆపరేషన్ చేయాలో వద్దో తేలుస్తారు. అంటే మీ నాన్నగారు లెవోడోపా సరిగ్గా వేసుకుంటేనే ఆ లెక్క కూడా తేలుతుంది.

కదలిక
పది రోజుల్లో నడక కూడా కలపండి. ట్రెడ్‌మిల్ మీద గుండెవేగం దాని గరిష్ఠంలో 80 నుంచి 85 శాతందాకా వెళ్ళేలా వారానికి మూడు నాలుగు సార్లు నడిచినవాళ్ళ మీద 2018లో పరీక్ష ఫలితాలు వచ్చాయి. 128 మంది. 6 నెలల్లో వాళ్ళ లక్షణాలు దాదాపు పెరగలేదు, నడవనివాళ్ళకి పెరిగాయి. గుండె డాక్టరు సరేనంటేనే మొదలుపెట్టాలి. మందు పనిచేస్తున్న గంటలోనే చేయించండి.

సీతాకోక_88
పదకొండో రోజు. రాసిన కాగితం నా ముందుంది. 1 గంటకి మాత్ర, 1:40కి వేళ్ళు వదులయ్యాయి. 2:10కి చొక్కా గుండీలు 4 నిమిషాలు. టేపు గీతలు 6. ఒక రోజు సాయంత్రం మెడ కొంచెం ఊగింది, అదీ రాశాను.

ఈ కింది మాటలు నాన్న చెబుతుంటే టైప్ చేస్తున్నాను.

"అందరికీ నమస్కారం. నేను జీవితమంతా పొదుపు చేసి బతికినవాణ్ణి. వచ్చినదాంట్లో కొంత పక్కన పెట్టకపోతే నిద్రపట్టదు. మందుని కూడా అలాగే అనుకున్నాను. నా కూతురు తూర్పుగాలి గారి చెప్పుల పట్టీ సంగతి రెండుసార్లు చదివింది. తొట్టి మాట కూడా అర్థమైంది. నాడీకణం గారికి ఒక ప్రశ్న. 1960లో చనిపోయినవాళ్ళ మెదళ్ళు చూసి కనిపెట్టారన్నారు కదా. నా తర్వాత నాది మీకు పనికొస్తుందా? వాడుకోవడానికి వీలుగా ఇప్పటినుంచే చేయాల్సిందేమైనా ఉందా?"

నాడీకణం
బాబాయ్ గారూ, రెండుసార్లు చదివాను మీ మాట. పనికొస్తుంది. లూయీ బాడీలు ఏ దారిలో పాకుతాయో తెలిసింది అలా ఇచ్చినవాళ్ళ వల్లే. జబ్బు లేనివాళ్ళవి కూడా కావాలి, పోల్చడానికి. మెదడు బ్యాంకులు ఉంటాయి. సమ్మతి పత్రం మీరు బాగున్నప్పుడే రాయాలి, ఇంట్లోవాళ్ళకి తెలిసి ఉండాలి, ఎందుకంటే పోయాక కొద్ది గంటల్లోనే కబురు చేయాల్సింది వాళ్ళే. ఇప్పటినుంచీ చేయాల్సింది అంటే, ఏ మందు ఎప్పుడు వేసుకున్నారో, ఎలా ఉన్నారో రాసిన కాగితాలు పారేయకండి. మనిషి ఎలా నడిచాడో తెలియకపోతే మెదడు చూసి మాకు సగమే అర్థమవుతుంది.

తూర్పుగాలి
అన్నా, నేనూ రాస్తాను సమ్మతి.

సీతాకోక_88
ఈ ప్రశ్న అడగబోతున్నాడని నాకు తెలీదు. టైప్ చేస్తూ చేస్తూ చెయ్యి ఆగిపోయింది. ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవాలి. 6 గంటల మాత్ర టైమైంది, నీళ్ళు తానే తెచ్చుకుంటానని లేచాడు. మళ్ళీ వస్తాను.